హెరిటేజ్ వాక్ ఆ వీధి మొగలో ఎందుకు వెనక్కి తిరిగింది?

పోయిన వారం సిలబస్ గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం రాస్తాను. మొన్న ఆదివారం జరిగింది ముందు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

విశాఖ పాత నగరంలో హార్బర్ ఒడ్డు వెంట హెరిటేజ్ వాక్ ఉంది, రమ్మని ఎవరో వాట్సాప్‌లో పంపారు. మా కాలేజీ పిల్లల్ని ఆరుగుర్ని వెంటేసుకుని వెళ్ళాను. పొద్దున్న ఆరింటికి కురుపాం మార్కెట్ కమాను దగ్గర అందరం కలిశాం. ముప్పై మందిమి ఉంటాం. టోపీలు, మంచి బూట్లు, మెళ్ళో కెమెరాలు. ఇద్దరు డాక్టర్లు, బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన, సాఫ్ట్‌వేర్ జంట, వాళ్ళ పాప. అందరూ మర్యాదస్తులే. మా పిల్లలు కొంచెం బెదురుగా ఒక పక్కన నిలబడితే ఆ పెద్దాయనే వచ్చి బిస్కెట్లు పెట్టాడు. నిర్వాహకుల పేరు రాయను. ఇది ఒక సంఘం తప్పు కాదు. పేరు రాస్తే మీరంతా వెళ్ళి వాళ్ళ పేజీలో కొట్లాడతారు, అసలు విషయం పక్కకి పోతుంది.

గైడు కుర్రాడు బాగా చెప్పాడు. ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. విక్టోరియా రాణి విగ్రహం, టౌన్ హాలు, పాత చర్చి, తెల్లవాళ్ళ సమాధులు. ఓడలు లోపలికొచ్చే కాలవ ఒడ్డున మూడు కొండలు వరసగా కనిపించే చోట నిలబెట్టాడు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద చర్చి. ఆ చివరి కొండకి రాస్ అనే తెల్లాయన పేరు. ఎదురుగా డాల్ఫిన్ నోస్. 1933 అక్టోబర్ 7న మొదటి పెద్ద ఓడ రేవులోకి వచ్చిందనీ, ఆ డిసెంబర్‌లో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి ప్రారంభించాడనీ చెప్పాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులేసిన కథ చెప్తుంటే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి ‘జలఉష’ ఓడని నీళ్ళలోకి దింపిన సంగతి నేను మర్చిపోయాను, అతనికి తేదీతో సహా గుర్తుంది. నేను నోట్సు రాసుకున్నాను కూడా.

అక్కడి నుంచి చేపల రేవు వైపు నడుస్తున్నాం. దారిలో ఎడం పక్కన ఒక వీధి మొగ వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళ పాప అటు పరిగెత్తబోయింది. గైడు ఆపాడు. "అటు వద్దమ్మా, అటు చూడ్డానికి ఏం లేదు. కొంచెం అన్‌హైజీనిక్ కూడా" అన్నాడు. చుట్టూ తిప్పి వేరే రోడ్డు మీంచి తీసుకెళ్ళాడు. నలభై అడుగుల్లో పోయేదానికి పావుగంట నడిపించాడు.

అది రెల్లి వీధి.

నాతో వచ్చిన ఆరుగురిలో ఒకడు ఆ వీధి వాడు. డిగ్రీ మూడో సంవత్సరం. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. వాడు నోరెత్తలేదు. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు కూడా. ఈ విద్యలో మన పిల్లలకి చిన్నప్పటి నుంచే తర్ఫీదు.

మలుపు తిరిగాక రోడ్డు మీద ఒకావిడ ఊడుస్తోంది. ఆరెంజ్ రంగు కోటు, తలకి గుడ్డ. మా గుంపు రావడం చూసి చీపురు ఆపి, దుమ్ము లేవకుండా గోడకి జరిగి నిలబడింది. ముప్పై మందిమీ ఆవిడ ముందు నుంచి నడిచి వెళ్ళాం. ఎవరూ పలకరించలేదు. ఆ పాప ఒక్కతే చెయ్యి ఊపింది. సరిగ్గా అప్పుడు మావాడు టోపీ కిందికి లాక్కోవడం చూశాను. ఆవిడ కూడా వాణ్ణి చూసింది. చూసి, తల తిప్పి, చేతి సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు నిలబడింది.

ఆవిడ వాళ్ళ మామ్మ.

అది నాకు తెలుసు. కాలేజీకి ఒకసారి ఫీజు రసీదు కోసం వచ్చినప్పుడు చూశాను. నేనూ మాట్లాడలేదు. వాడికి ఇబ్బంది అవుతుందని ఆగానని ఆ క్షణంలో అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది సగమే నిజం. చేతిలో నోట్‌బుక్, పక్కన డాక్టర్లు. ఆ గుంపులో నాకూ ఒక చోటు దొరికింది, దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

చేపల రేవు దగ్గర టీ తాగుతున్నప్పుడు గైడుని అడిగాను. "ఆ వీధి మీ మ్యాపులో ఎందుకు లేదు?" అతను నిజాయితీగానే చెప్పాడు. "మేడమ్, అక్కడ మాన్యుమెంట్ ఏమీ లేదండీ. వచ్చేవాళ్ళు కూడా ఇబ్బంది పడతారు." ఈ నగరం పుట్టినప్పటి నుంచి దాన్ని శుభ్రం చేసింది ఆ వీధే కదా అన్నాను. వెంటనే పక్కనున్న పెద్దాయన, బిస్కెట్లు పెట్టినాయనే, నవ్వుతూ అందుకున్నాడు. "అమ్మా, ఒక్క ఆదివారం పూటైనా కులం పక్కన పెడదాం. ఇది హెరిటేజ్."

సరే, హెరిటేజ్ అనే మాట దగ్గరే మాట్లాడుకుందాం. నాకు జీతమిచ్చేది మాటల గురించి చెప్పడానికే కదా.

హెరిటేజ్‌ని తెలుగులో వారసత్వం అంటాం. ఆ పెద్దాయన చెవికి ఆ మాట ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. తాత కట్టిన మేడ, తండ్రి రాసిన వీలునామా, గోడ మీద నిలువెత్తు ఫోటో. రెల్లి వీధిలో అదే మాట రోజూ వినిపిస్తుంది, వేరే అర్థంలో. పారిశుధ్య పనిలో ఉన్న మనిషి సర్వీసులో చనిపోతేనో, జబ్బు చేసి పనికిరాడని డాక్టర్లు రాసిస్తేనో, ఇంట్లో ఒకరికి ఆ కొలువు ఇస్తారు. కాగితం మీద కారుణ్య నియామకం. వీధిలో వారసత్వ ఉద్యోగం. "మా ఆడికి వారసత్వం వచ్చిందమ్మా" అంటే వాడి చేతికి చీపురు వచ్చిందని. మావాడి తాత నుంచి మామ్మకి అలాగే వచ్చింది. తాత నలభై ఏళ్ళకే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

ఇప్పుడు మామ్మకి మోకాళ్ళు నొప్పి. ఆయాసం కూడా. రిటైర్మెంట్‌కి ఇంక ఎంతో కాలం లేదు. ఈలోపే మెడికల్ బోర్డుకి వెళ్ళి ‘పనికిరాదు’ అని రాయించుకుంటే కొలువు ఇంట్లో వాళ్ళకి దక్కుతుందని ఎవరో చెప్పారు. వాళ్ళ నాన్నకి వయసు దాటింది. అన్న ఆటో నడుపుతాడు, తాగుతాడు. మిగిలింది వీడు. "పర్మినెంటు మేడమ్" అన్నాడు నాతో, రెండు నెలల క్రితం, పరీక్ష ఫీజు కట్టాలా వద్దా అని అడగడానికి వచ్చినప్పుడు. డిగ్రీ అయ్యాక వీడికి ప్రైవేటులో పదిహేను వేలు ఎవరైనా ఇస్తారా? చదువు ఆపొద్దని నేను గట్టిగా చెప్పలేకపోయాను. ఆ ఇంటి లెక్క నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

అదీ వారసత్వం. ఈ దేశంలో ఒక్క రాయి కూడా లేకుండా, ఒక్క బోర్డు కూడా పెట్టకుండా, తరం నుంచి తరానికి చెక్కు చెదరకుండా కాపాడుతున్న వారసత్వం చీపురే. దాన్ని చూడ్డానికి మాత్రం ఏమీ లేదట.

ఇంకో మాట. ఆ వీధిలో ముసలివాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే భాష తెలుగు కాదు. రెల్లి భాష. ఒరియాకి దగ్గరగా ఉంటుంది, బడిలో ఎక్కడా చెప్పరు. మావాడికి వింటే అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. వాడి చెల్లెలికి అర్థం కూడా కాదు. పాత ఇంటి పెచ్చు ఊడితే పేపర్లో ఫోటో వేయించే హెరిటేజ్ ప్రియులకి, మూడు వీధుల అవతల ఒక భాష ముసలమ్మలతో పాటు పోతోందని ఎవరు చెప్తారు? నేను చెప్పాలి. నేనే తెలుగు డిపార్ట్‌మెంటు. నాకూ ఆ సంగతి వీడు చెప్తేనే తెలిసింది, అదీ పోయినేడాది.

ఇక ఆ హార్బర్ సంగతి.

టీ కొట్టు దగ్గర నిలబడి చూస్తే కాలవ కనిపిస్తుంది. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట చిత్తడి నేలని తవ్వి ఓడలు తిరిగేంత లోతు చేశారు. ఎందుకు చేశారు? మధ్య పరగణాల్లో తవ్విన మాంగనీసుని రైల్లో తెచ్చి ఓడకెక్కించి సీమకి పంపడానికి. చరిత్ర పుస్తకాల్లో ఇంజనీర్ల పేర్లున్నాయి, వైస్రాయ్ పేరుంది, మొదటి ఓడ పేరుంది. ఆ బురదలో దిగినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఆ పేర్లు నాకూ తెలియవు, ఊహించి రాయను. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆ కాలంలో కూలికి బయలుదేరినవాళ్ళు ఎవరో చెప్పడానికి మాత్రం పెద్ద పరిశోధన అక్కర్లేదు. భూమి లేనివాళ్ళే బయలుదేరతారు. కొందరు ఇక్కడి తీరం నుంచే ఓడెక్కి రంగూన్ పోయారు. అక్కడ రేవులో మూటలు మోసిన తెలుగువాళ్ళని ‘కోరంగీలు’ అని పిలిచేవాళ్ళు, మన కోరంగి రేవు పేరు మీద. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే బర్మా కూలీల్ని దింపారు, సమ్మె అయ్యాక వాళ్ళని తీసేశారు, కూలీలకీ కూలీలకీ మధ్య చిచ్చు రేగి మనవాళ్ళు వంద మందికి పైగా చచ్చిపోయారు. విశాఖ ఒడ్డున నిలబడి చెప్పాల్సిన కథ ఇది. విక్టోరియా విగ్రహం గురించి పది నిమిషాలు చెప్పిన అతను దీనికి ఒక్క నిమిషం ఇవ్వలేదు. అతన్నేం అంటాం, మన పాఠ్యపుస్తకాలు ఇచ్చాయా?

టౌన్ హాలు మెట్ల మీద సాఫ్ట్‌వేర్ అమ్మాయి చేత్తో దుమ్ము తుడిచి కూర్చోబోయింది. వేళ్ళు ఎర్రగా అయ్యాయి. "ఇదేంటి?" అంది. ఇనుప ఖనిజం ధూళి అని గైడు చెప్పి, పొల్యూషన్ అని ఊరుకున్నాడు. ఆ ఎర్ర దుమ్ము ఎక్కడిదో చెప్తాను. బస్తర్‌లోని బైలదిలా కొండలది. 1960లలో జపాన్‌కి ఇనుము పంపడానికి కిరండోల్ నుంచి కొత్తవలస దాకా కొండల్ని తొలిచి రైలు మార్గం వేశారు. ఆదివాసీల కొండ వ్యాగన్లలో దిగి, విశాఖ రేవులో కుప్పలుగా పడి, ఓడెక్కి పోతుంది. గాలికి లేచింది పాత నగరం మీద పడుతుంది. దాని పక్కన బొగ్గు నలుపు. డబ్బున్నవాళ్ళు పాత నగరం వదిలి బీచ్ రోడ్డుకీ ఎంవీపీ కాలనీకీ పోయారు. మేడలు వదిలేసి పోయారు కాబట్టే అవి ఇప్పుడు హెరిటేజ్ అయ్యాయి. పోలేనివాళ్ళు ఆ ధూళినే పీలుస్తూ ఉన్నారు. జ్ఞానాపురం, రెల్లి వీధి, జాలరిపేట. రోడ్డు మీద పడ్డ ఆ ఎర్ర దుమ్మునీ నల్ల దుమ్మునీ పొద్దున్నే ఎత్తేది ఎవరు? గోడకి జరిగి నిలబడిన ఆ మామ్మ. వాళ్ళ తాత ఊపిరితిత్తులు దేనితో పాడయ్యాయో ఏ డాక్టరూ కాగితం మీద రాయలేదు.

చేపల రేవులో మావాళ్ళు కొందరు ముక్కుకి కర్చీఫులు కట్టుకున్నారు. పాట జరుగుతోంది. గమేళాల చుట్టూ ఆడవాళ్ళు గోలగోలగా బేరాలాడుతున్నారు. కళాసీలు బోట్లలోంచి ఐసు కింద పడేస్తున్నారు. ఎండుచేపలు పరిచే ఒకావిడ మా టోపీల్ని చూసి, "ఏటమ్మా, గవర్నమెంటోళ్ళేటి? కాలిపోయిన బోట్లకేటైనా రాసుకుంటన్నారేటి?" అని అడిగింది. 2023 నవంబర్ 19 రాత్రి ఈ రేవులోనే మంటల్లో పదుల సంఖ్యలో బోట్లు తగలబడిపోయాయి, గుర్తుంది కదా. బోటు యజమానులకి పరిహారం ప్రకటించారు. అందులో కూలికి వెళ్ళే కళాసీకి, ఆ చేప కొని ఎండబెట్టి అమ్ముకునే ఆడదానికి ఏం మిగిలిందని అడుగుతోంది ఆవిడ. మేం ఏమీ రాసుకోవడానికి రాలేదని, ఊరికే నడవడానికి వచ్చామని చెప్పాను. "ఊరికేనా?" అంది. నమ్మలేదు.

ఊరికే నడవడం. నాకు ఆ మాట దగ్గర ఆగిపోవాలనిపించింది. ముప్పై మంది గుంపుగా, ఏ పనీ లేకుండా, రోడ్డుకి అడ్డంగా రెండున్నర గంటలు నడిచాం. ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తి బళ్ళు ఆపి దారిచ్చాడు. అదే రోడ్డు మీద 2023 డిసెంబర్ చివర్లో మునిసిపల్ కార్మికుల రాష్ట్ర సమ్మె అప్పుడు వీళ్ళ మామ్మ నడిచింది. ఇదే ఆరెంజ్ కోటు, ఇదే ముప్పై నలభై మంది, చేతిలో చీపురు. అప్పుడు వాళ్ళని అడిగిన మొదటి మాట, "పర్మిషన్ ఉందా?" పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 అమల్లో ఉంది, నలుగురు కలిసి నడవకూడదు అన్నారట. ఏప్రిల్ 14న మన పిల్లలు బాబాసాహెబ్ ఫోటో పట్టుకుని నడవాలంటే వారం ముందు స్టేషన్‌కి తిరగాలి. రూటు రాసివ్వాలి, పెద్దవీధిలోంచి వద్దంటారు, డప్పు వద్దంటారు. 2023 జనవరిలో ప్రభుత్వం రోడ్ల మీద సభలూ ర్యాలీల మీద తెచ్చిన జీవో 1 గుర్తుంది కదా? మేలో హైకోర్టు కొట్టేసింది. ఆ నాలుగు నెలల్లో ఒక్క హెరిటేజ్ వాక్‌ని అయినా ఎవరైనా ఆపినట్టు మీరు విన్నారా?

కెమెరా ఉంటే వాక్. జెండా ఉంటే ర్యాలీ. చీపురు ఉంటే డ్యూటీ. కాళ్ళు మాత్రం అందరివీ రెండే.

పిల్లలకి క్లాసులో చెప్పే సంగతి ఒకటి ఇక్కడ రాస్తాను, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1927 మార్చి 20న మహాద్‌లో చవదార్ చెరువు దాకా జనం వరసగా నడిచి వెళ్ళి నీళ్ళు తాగారు. తాగిన తర్వాత దెబ్బలు తిన్నారు. చెరువుని పేడా మూత్రమూ పాలూ పెరుగూ నింపిన 108 కుండలతో శుద్ధి చేశారు. ఇది అందరూ చెప్తారు. డిసెంబర్‌లో రెండోసారి వెళ్ళినప్పటి ప్రయాణం ఎక్కువమంది చెప్పరు. బొంబాయి నుంచి బస్సుల్లో వెళ్దామంటే దారిలో బస్సులవాళ్ళు మొండికేసే ప్రమాదం ఉంది. అందుకని అంబేడ్కర్, ఆయనతో కొన్ని వందల మంది పద్మావతి అనే స్టీమరెక్కారు. సముద్రం మీదుగా వెళ్ళి దాస్‌గావ్ రేవులో దిగారు. అక్కడి నుంచి మహాద్ ఐదు మైళ్ళు. నడిచారు, వరసలు కట్టి, నినాదాలు ఇస్తూ. సభకి సవర్ణులు ఎవరూ జాగా ఇవ్వకపోతే ఒక ముస్లిం తన స్థలం ఇచ్చాడు. డిసెంబర్ 25న మనుస్మృతిని కాల్చింది అక్కడే. చూడండి, ఒక రేవు ఒడ్డు నుంచి ఒక గుంపు నడిచిన నడక. ఆ నడకకి గైడు లేడు, ముందుగా గీసిన మ్యాపులో వాళ్ళకి నీళ్ళు లేవు.

మన దగ్గర? 1985 జూలై 17న కారంచేడులో చంపగా మిగిలిన మాదిగలు పిల్లల్ని చంకనేసుకుని చీరాల దాకా పోయారు. ఆ దారి మీద ఎవరైనా మైలురాయి పెట్టారా?

తెలుగు సాహిత్యంలో ఇలాంటి ఊరు చూపించే నడక ఒకటుంది. జాషువా గబ్బిలం. 1941. గుడిలోకి అడుగు పెట్టలేని అరుంధతీసుతుడు తన గోడు శివుడి చెవిన వెయ్యమని గబ్బిలాన్ని పంపుతాడు. దారిలో దేశంలో చూడాల్సిన గొప్ప చోట్లన్నీ దానికి చెప్తాడు. పదేళ్ళుగా ఆ కావ్యం చెప్తున్నాను, నా పరిశోధనలో ఒక అధ్యాయం దాని మీదే. మొన్న ఆ రోడ్డు మీద మొదటిసారి తట్టింది. ఆ గొప్ప చోట్లు తన కాళ్ళతో చూడ్డానికి అతనికి వీల్లేదు. గబ్బిలం చూస్తుంది, అతను పూరి గుడిసెలో కూర్చుని చెప్తాడు. మావాడు మాత్రం తన కాళ్ళతోనే వెళ్ళాడు, ముప్పై మందితో కలిసే వెళ్ళాడు. తన సొంత వీధి దగ్గరికొచ్చేసరికి మాత్రం చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది.

ఇంతవరకు చదివి ‘బాగా ఇచ్చింది వాళ్ళకి’ అనుకుంటున్న మన సంఘాల మిత్రులకి ఇప్పుడు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది రెల్లి వీధిలో అడుగు పెట్టారు?

నేను మాల. ఈ నగరంలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. జ్ఞానాపురంలో నాకు నలభై ఇళ్ళు తెలుసు. ఆ వీధిలో మొన్నటి దాకా ఒక్క ఇల్లూ తెలియదు. మన సభల్లో వేదిక మీద మాల ఉంటాడు, మాదిగ ఉంటాడు. వర్గీకరణ మీద పుస్తకాలు, ప్రతిపుస్తకాలు, ఇరవై ముప్పై ఏళ్ళుగా అన్నదమ్ముల కొట్లాట. రెల్లి ఎక్కడ? 2000లో చట్టం చేసినప్పుడు వాళ్ళది ఏ గ్రూపు, ఒక శాతం. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్ళీ 2024 ఆగస్టు 1న అదే కోర్టు సరేనంది. 2025లో రాష్ట్రం మళ్ళీ వర్గీకరించింది, మొదటి గ్రూపు, మళ్ళీ ఒక శాతం. ఆ ఒక్క శాతం గురించి మనం ఎప్పుడైనా మాట్లాడామా, మన ఆరున్నర, ఏడున్నర గురించి తప్ప? దళిత సాహిత్య సంకలనాలు నా అల్మరాలో రెండు అరలున్నాయి. రెల్లి పిల్లాడికి ‘ఇదిగో మీ వాళ్ళు రాసింది’ అని ఇవ్వడానికి వెతికితే చేతికి ఏమీ రాలేదు. గైడు మ్యాపులో ఆ వీధి లేదు. మన మ్యాపులో ఉందా? అతను అన్‌హైజీనిక్ అన్నాడు. మనం ఆ మాట అనకుండానే చుట్టూ తిరిగి వెళ్తున్నాం.

వాక్ అయిపోయాక గ్రూప్ ఫోటో తీశారు. తర్వాత మావాడు నా పక్కకొచ్చి, "మేడమ్, ఇంటికి రండి. టీ తాగి వెళ్దురు" అన్నాడు. మొదటిసారి పిలిచాడు. ఆరుగురూ నేనూ వెళ్ళాం.

వీధి మొగలో చిన్న గుడి, దాని పక్కన అంబేడ్కర్ బొమ్మ, రంగు కొత్తగా వేశారు. తోపుడుబళ్ళ మీద అరటిపళ్ళు, పనసతొనలు. పళ్ళు అమ్మడం ఈ కులానికి తరతరాల వ్యాపారం. చీపురు ఒక్కటే వాళ్ళ గతం కాదు. ఇళ్ళ ముందు ముగ్గులున్నాయి. వెనక కాలవ కంపు కొడుతోంది. ఊరందరి కాలవలూ తీసేవాళ్ళ వీధిలో కాలవ తియ్యడానికి ఎవరూ రారని ఒకాయన నవ్వుతూ చెప్పాడు.

మామ్మ డ్యూటీ దిగి వచ్చింది. కోటు విప్పి దండెం మీద వేసి, మమ్మల్ని చూసి కంగారు పడింది. కుర్చీ ఒక్కటే ఉంటే నన్ను కూర్చోబెట్టింది. నేను కింద కూర్చుంటానంటే ఒప్పుకోలేదు. టీ గ్లాసులు కడిగి, మళ్ళీ కడిగి, అప్పుడు పోసింది. పిల్లల్లో ఒకమ్మాయి ఆగలేక అడిగేసింది, "మామ్మా, ఇందాక రోడ్డు మీద మమ్మల్ని చూసి కూడా పిలవలేదేం?"

ఆవిడ మనవడి వైపు చూడలేదు. "అంతమంది దొరబాబులతో ఎల్తన్నాడు. నాను పిలిస్తే ఆడికి నామోషీ కాదేటమ్మా?" అంది.

వాడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మామ్మ పక్కన కింద కూర్చున్నాడు. ఎవరం ఏమీ అనలేదు. తర్వాత ఆవిడే మాట మార్చింది. "అయితే ఏటి సూసొచ్చేరు?" అని అడిగింది. పిల్లలు చెప్పడం మొదలుపెట్టారు, విక్టోరియా రాణి, టౌన్ హాలు, జపాన్ బాంబులు. వింటూ వింటూ మధ్యలో ఆపింది. టౌన్ హాలు ముందు తను పెళ్ళై వచ్చిన కొత్తలో ఏముండేదో, ఏ సందులో ఏ దొడ్డి నుంచి మలం ఎత్తి తట్టలో మోసుకెళ్ళేవాళ్ళో, ఏ ఇంటి వాళ్ళు పండక్కి పాత చీర పెట్టేవాళ్ళో, ఏ ఇంటి వాళ్ళు అరుగు మీద నీళ్ళు చల్లుకునేవాళ్ళో ఒక్కొక్కటే చెప్పింది. గైడు చూపించిన మేడలే అవి. అతను ముందు గుమ్మాలు చూపించాడు. ఆవిడకి వెనక గుమ్మాలు తెలుసు. 1993లో చట్టం వచ్చాక కూడా కొన్నాళ్ళు మోశామంది. ఎన్నాళ్ళని అడిగితే లెక్క పెట్టలేదంది.

గంటన్నర మాట్లాడింది. మావాడికి సగం కొత్త. "నాకెప్పుడూ చెప్పలేదు మేడమ్" అన్నాడు. "నువ్వడిగేవేటి?" అందావిడ.

కొలువు సంగతి ఇంకా తేలలేదు. మెడికల్ బోర్డుకి కాగితం పెట్టడానికి వాళ్ళ నాన్న తిరుగుతున్నాడు. వీడి పరీక్ష ఫీజు మేం కట్టాం, అది వేరే సంగతి, దానికి నన్ను పొగడకండి. ఇదే కొలువులో మనిషి గౌరవంగా బతికే జీతం, యంత్రం, చేతి తొడుగు, ఆరోగ్య పరీక్ష ఉండి, ఏ కులం వాడైనా దరఖాస్తు పెట్టుకునేట్టు ఉంటే నేను కూడా వాణ్ణి చేరమనేదాన్నేమో. ఇప్పటికి ఆ కొలువుకి దరఖాస్తు అక్కర్లేదు, పుట్టుకే చాలు.

ఈ నెల చివరి ఆదివారం ఇంకో నడక పెడుతున్నాం. పొద్దున్న ఆరుకే, ఎండ ముదరక ముందే. బయలుదేరేది రెల్లి వీధి మొగ నుంచి. దారి మామ్మ చెప్తుంది, మావాడు మ్యాపు గీస్తున్నాడు. టౌన్ హాలు వెనక సందు, ఖనిజం కుప్పలు కనపడే గోడ, చేపల రేవులో ఎండుచేపల తావు, మళ్ళీ వీధి. మామ్మ మోకాళ్ళకి ఎక్కువ దూరం కుదరదు, మధ్యలో ఆటో ఉంటుంది. ముప్పై మందికి మించి వద్దు. మాల మాదిగ సంఘాల వాళ్ళు తప్పకుండా రండి, బ్యానర్లు తేకండి. ఆ పెద్దాయన్ని కూడా పిలిచాను, వస్తానన్నాడు. ఎవరి ఫోటో అయినా అడక్కుండా తియ్యకూడదు. ముక్కుకి కర్చీఫు కట్టుకునేవాళ్ళు ఇంట్లోనే ఉండండి. టీ అక్కడే, మామ్మ ఇంట్లో. గ్లాసులు మనమే కడగాలి.

స్టేషన్‌లో ఇవ్వడానికి కాగితం రాస్తుంటే ‘కార్యక్రమం పేరు’ అనే చోట మావాడు ఆగాడు. ర్యాలీ అని రాస్తే తిప్పుతారు మేడమ్ అన్నాడు. తర్వాత తనే ‘హెరిటేజ్ వాక్’ అని రాశాడు. సోమవారం ఇచ్చి వచ్చాం. ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.

జై భీమ్.